గ్రాఫు బాగానే ఉంది, నాకే నిద్ర పట్టడం లేదు

ఈసారి వచ్చిన ఉత్తరం పొడవైనది. పేరు, ఊరు, సంస్థ బయటికి రాకూడదని కోరారు కాబట్టి అవి తీసేసి మిగతాది క్లుప్తంగా ఇస్తున్నాను.

రాసినాయన ఒక కోల్డ్ స్టోరేజీలో మెయింటెనెన్స్ చూస్తారు. చదువు ఇన్‌స్ట్రుమెంటేషన్, పైథాన్ సొంతంగా నేర్చుకున్నది. అక్కడ పది గదులు. గదికో టెంపరేచర్ ట్రాన్స్‌మిటర్ (ఉష్ణోగ్రత కొలిచి అంకెగా పంపే పరికరం), కంప్రెసర్ల దగ్గర ఒక ఎనర్జీ మీటరు. పదకొండూ ఒకే ఆర్‌ఎస్-485 లైను (పరికరాలన్నీ పంచుకునే వైర్ల జత) మీద, 9600 బాడ్ (సెకనుకు 9600 బిట్లు) వేగంతో, మోడ్‌బస్ ఆర్‌టీయూ అనే ప్రశ్న-జవాబు పద్ధతిలో మాట్లాడతాయి. ప్యానెల్ తలుపుకున్న టచ్ స్క్రీను మీద అంకెలు కనిపిస్తాయి, ఆపరేటర్లు గంటకోసారి లాగ్‌బుక్కులో రాసుకుంటారు. ఇదంతా కంప్యూటర్లో గ్రాఫుగా, సెకనుకోసారి కావాలని మేనేజరు అడిగారు. ఈయన ఆ లైనును కంప్యూటరుకు కలిపే ఒక యూఎస్‌బీ కన్వర్టరు తెచ్చి, బల్ల మీద ఒక ట్రాన్స్‌మిటర్ పెట్టుకుని పైసీరియల్ అనే పైథాన్ లైబ్రరీతో ప్రోగ్రాం రాశారు. రోజంతా నడిపితే ఒక్క తప్పు రాలేదు.

ప్యానెల్లో లైనుకు కలిపాక తిప్పలు మొదలయ్యాయి. కొన్నింటికి జవాబే రాదు. వచ్చిన జవాబుల్లో సీఆర్‌సీ (బైట్లు దారిలో చెడాయేమో తేల్చే తనిఖీ అంకె) కుదరనివి బోలెడు. రెండు గదుల్లో రాత్రిపూట మాత్రం 6548.3, 6547.9 లాంటి ఉష్ణోగ్రతలు. ఒక్కోసారి నాలుగో గది గీత అయిదో గది చోటికి జరిగి, కాసేపటికి మళ్లీ వెనక్కి వస్తుంది. ఎనర్జీ మీటరు ఒకసారి సున్నాకు అంటుకున్నట్టు, ఇంకోసారి నోరు తిరగనంత పెద్ద అంకె. రెండు మూడు రోజులకోసారి అన్ని గీతలూ ఒకేసారి చదునైపోతాయి, ప్రోగ్రాం ఆపి మళ్లీ మొదలుపెడితే సర్దుకుంటాయి.

గడువు దగ్గరపడింది. తర్వాతి సంగతి ఆయన మాటల్లోనే: "సీఆర్‌సీ చూస్తే సగం పోతున్నాయని దాన్ని చూడడం మానేశాను. రీడింగు రాకపోతే ఎక్సెప్ట్ కింద పాస్ అని రాసి, అంటే ఎర్రరును పట్టించుకోవద్దని చెప్పి, పాత విలువనే మళ్లీ రాసేశాను. వంద దాటిన అంకె వస్తే దాన్నీ పక్కన పడేసి పాతదే పెట్టాను. గ్రాఫు అందంగా వచ్చింది. మేనేజరు గారు మీటింగులో అందరి ముందూ నన్ను నిలబెట్టి చప్పట్లు కొట్టించారు."

ఆ తర్వాత ఒక రాత్రి ఏడో గది ట్రాన్స్‌మిటర్ వైరు ఊడింది. తెల్లారి ఆపరేటరు ప్యానెల్ చూసి చెప్పేదాకా గ్రాఫు 2.4 డిగ్రీల దగ్గర స్కేలు పెట్టి గీసినట్టు సాగింది. సరుకు పాడవలేదు, గ్రాఫు సంగతి ఎవరూ అడగలేదు. ఇప్పుడేమో ఈ డేటాతోనే అలారం మోగాలనీ, తర్వాత కంప్రెసర్ ఆన్-ఆఫ్ కూడా ఇక్కడినుంచే జరగాలనీ మేనేజరు అంటున్నారు. సీనియర్ ఎలక్ట్రీషియన్‌ది మొదటినుంచీ ఒకటే మాట: "నీ లాప్‌టాప్ తగిలించిన దగ్గర్నుంచి నా స్క్రీను మీద అంకెల బదులు డ్యాషులు వస్తున్నాయి. పైథాన్ ప్లాంటుకు పనికిరాదు." నిజం చెప్పాలా, చెబితే ఉద్యోగం ఉంటుందా, పైథాన్ వదిలేసి పీఎల్‌సీ (యంత్రాలను నడిపే పారిశ్రామిక కంట్రోలరు) అడగాలా అన్నవి ఆయన ప్రశ్నలు. చివర్లో చిన్న అక్షరాలతో ఇంకోటి: మోడ్‌బస్ కోసం ఉన్న పైథాన్ లైబ్రరీల్లో పైమోడ్‌బస్ మంచిదా, మినిమల్‌మోడ్‌బస్ మంచిదా?

మీరు అడిగిన వరుసలో జవాబు చెప్పలేను. ఒక సంగతి ముందే చెప్పాలి. ఇది చదవడం ఆపి అయినా సరే, ఇవాళే చూడాల్సింది.

ఆ 6548.3 చెత్త అంకె కాదు. మోడ్‌బస్ రిజిస్టరంటే పరికరం ఒక అంకె ఉంచే 16 బిట్ల గడి, అంతే. సున్నా నుంచి 65535 దాకా ఏదో ఒక అంకె. అందులో రుణ సంఖ్య పెట్టాలంటే 65536 నుంచి తీసివేసి పెడతారు. మీ ట్రాన్స్‌మిటర్ ఉష్ణోగ్రతను పదితో హెచ్చించి పంపుతోంది. 65536 లోంచి 53 తీసేస్తే 65483, దాన్ని పదితో భాగిస్తే మీరు చూసిన 6548.3. అంటే ఆ గది మైనస్ 5.3 డిగ్రీల్లో ఉంది. 6547.9 అంటే మైనస్ 5.7. ట్రాన్స్‌మిటర్ నిజమే చెప్పింది. మీ ప్రోగ్రాం దాన్ని సైన్డ్ (మైనస్ కూడా కాగల) సంఖ్యగా చదవలేదు. బల్ల మీద సున్నాకు దిగువకు పోయే అవకాశమే లేదు కాబట్టి అక్కడ బయటపడలేదు.

దీని పర్యవసానం ఇంకా పెద్దది. వంద దాటితే పాత విలువ పెట్టమని మీరు రాసిన ఒక్క లైను వల్ల, ఏ గది సున్నాకు దిగువకు పోయినా మీ గ్రాఫులో ఆ సంగతి ఎప్పటికీ కనపడదు. ఆ రెండు గదులూ సున్నాకు దిగువన ఉండాల్సినవేనా? కాకపోతే అక్కడ సరుకు రాత్రుళ్లు గడ్డకడుతోంది, మీ గ్రాఫు మాత్రం అంతా బాగుందంటోంది. ఆపరేటర్ల లాగ్‌బుక్కు తీసి ఆ రాత్రుల పేజీలు చూడండి. స్క్రీను మైనస్ అంకెల్ని సరిగ్గా చూపిస్తూ ఉంటే అందులో దొరుకుతాయి. దొరికితే మేనేజరుకు మీరు చెప్పాల్సిన మొదటి మాట అదే. మీ ప్రోగ్రాం, మీ చప్పట్లు, మీ భయం, అన్నీ దాని తర్వాత.

ఇక లైను సంగతికొద్దాం. ఎలక్ట్రీషియన్ గారి మాటలో సగం తప్పు, సగం పచ్చి నిజం. తప్పు సగం పైథాన్ గురించి అన్నది. నిజమైన సగం ఆ డ్యాషులు. మీ ఉత్తరం మొత్తంలో అసలు ఆధారం అదే, మీరు మాత్రం దాన్ని సాధింపు మాటగా తీసుకున్నారు.

మోడ్‌బస్‌ను మోడికాన్ అనే సంస్థ 1979లో తన పీఎల్‌సీల కోసం తయారుచేసింది. సీరియల్ లైను మీద దాని పద్ధతి తరగతిలో హాజరు పిలవడం లాంటిది. మాస్టారు నంబరు పిలవాలి, ఆ నంబరు వాళ్లే పలకాలి, మిగతా అందరూ నోరు మూసుకోవాలి. మాస్టారు ఒక్కరే. మీ ప్యానెల్ మీదున్న స్క్రీనుకు అంకెలు ఊరికే రావడం లేదు, పదకొండు పరికరాల్నీ అదే ఒక్కొక్కటిగా పిలుస్తోంది. అదే తరగతిలో మీరు రెండో మాస్టారుగా వెళ్లి నిలబడ్డారు. ఇద్దరూ ఒకేసారి నోరు తెరిచినప్పుడు వైరు మీద బైట్లు కలగాపులగమవుతాయి. మీకు సీఆర్‌సీ కుదరదు, ఎలక్ట్రీషియన్ గారి స్క్రీను మీద డ్యాషులు పడతాయి.

నా మాట నమ్మనక్కర్లేదు, తేల్చుకోవడం చిటికెలో పని. పోర్టు తెరవండి, ఏమీ పంపకండి, ఊరికే చదువుతూ వచ్చిన బైట్లను హెక్సులో (పదహారు ఆధారంగా రాసే అంకెల్లో) ప్రింట్ చేయండి. మీరు ఏమీ అడగకుండానే ఎనిమిదేసి బైట్ల ప్రశ్నలు, వాటి వెనకే జవాబులు కనిపిస్తే మాస్టారు అప్పటికే ఉన్నట్టు. ఈ పరీక్ష ఎలక్ట్రీషియన్ గారిని పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. ఎందుకో తర్వాత చెబుతాను.

ఇది రుజువైతే ఏం చేయాలి? దారులు కొన్ని ఉన్నాయి. నాకు నచ్చేది, స్క్రీనునే అడగడం. చాలా స్క్రీన్లకూ పీఎల్‌సీలకూ ఈథర్నెట్ పోర్టు ఉంటుంది. నెట్‌వర్కు మీద నడిచే మోడ్‌బస్ టీసీపీ ఆన్ చేస్తే 502 పోర్టు మీద మీ పైథాన్ హాయిగా చదువుకోవచ్చు, సీరియల్ లైను జోలికే పోనక్కర్లేదు. లైను మీద మాస్టారు ఒక్కరే మిగులుతారు. ఇబ్బంది ఏమిటంటే స్క్రీను ఎంత తరచుగా అడిగితే మీకూ అంతే తరచుగా కొత్త అంకె. దాని ప్రోగ్రాం పాస్‌వర్డు ప్యానెల్ చేసినవాళ్ల దగ్గరుంటే వాళ్లను పిలిపించాలి. ఇంకో సంగతి, ట్రాన్స్‌మిటర్ పలకనప్పుడు స్క్రీను తన రిజిస్టరులో పాత విలువే ఉంచుతుందా, వేరే గుర్తు పెడుతుందా అని అడిగి తెలుసుకోండి. లేకపోతే మీరు చేసిన పనే అది మీకు చేస్తుంది.

మీ కంప్యూటరే మాస్టరై, స్క్రీను మీ దగ్గర్నుంచి అంకెలు తీసుకునే ఏర్పాటు కూడా సాధ్యమే. సాధ్యమే కానీ నేను చేయను. మీ లాప్‌టాప్ అప్‌డేట్ కోసం రీస్టార్ట్ అయిన నిమిషంలో పది గదుల ఆపరేటర్లకూ కళ్లు పోతాయి.

ఊరికే వినడం అనే దారి కూడా ఉంది. స్క్రీను ప్రశ్నలు, పరికరాల జవాబులు రెండూ లైను మీదే వెళ్తున్నాయి కదా, పంపకుండా వింటూ వాటిని జతచేసుకోవడం. లైనుకు హాని లేదు, ఎవరి పాస్‌వర్డూ అక్కర్లేదు. కానీ రాయడానికి మహా చిరాకైన ప్రోగ్రాం. జవాబులో రిజిస్టరు నంబరు ఉండదు, ముందు వెళ్లిన ప్రశ్నను గుర్తుపెట్టుకుంటేనే ఆ అంకె దేనిదో తెలుస్తుంది. ఒక ఫ్రేమ్ (ఒక పూర్తి ప్రశ్న లేదా జవాబు) ఎక్కడ ముగిసిందో చెప్పేది మూడున్నర అక్షరాల నిశ్శబ్దం, 9600 బాడ్ దగ్గర దాదాపు 4 మిల్లీసెకన్లు. యూఎస్‌బీ కన్వర్టరు బైట్లను పోగేసి ఒక్కసారిగా ఇస్తుంది, కన్వర్టర్లలో వాడే ఎఫ్‌టీడీఐ చిప్పుల్లో ఆ ఆలస్యం మామూలుగా 16 మిల్లీసెకన్లు. అంటే ఆ నిశ్శబ్దం మీదాకా చేరదు, ఫ్రేమును పొడవుతో, సీఆర్‌సీతో వెతుక్కోవాలి. ఓపికుంటే చేయండి, చాలా నేర్చుకుంటారు.

ఇవేవీ కుదరకపోతే మిగిలేవి రెండు. ఇద్దరి ప్రశ్నల్నీ వరుసలో పెట్టి ఒక్కొక్కటిగా లైను మీదికి వదిలే గేట్‌వే పెట్టుకోవడం ఒకటి. అప్పుడు స్క్రీను కూడా దాని ద్వారానే వెళ్లాలి, అంటే దాని సెట్టింగులు మార్చాలి. మీ సెన్సర్లకు పూర్తిగా వేరే లైను లాగడం రెండోది. ఖర్చెక్కువ, తలనొప్పి తక్కువ.

ఏ దారి పట్టినా ఇప్పుడున్న ప్రోగ్రాంలో కొన్ని మార్చక తప్పదు. సీఆర్‌సీని ఇవాళే వెనక్కి తెండి. సీఆర్‌సీ చూస్తే సగం పోతున్నాయన్నారు. అవి సీఆర్‌సీ వల్ల పోలేదు, అప్పటికే చెడిపోయి వచ్చాయి. మొత్తం గజిబిజిగా మారిన ఫ్రేము కూడా కాకతాళీయంగా 16 బిట్ల సీఆర్‌సీని దాటే అవకాశం 65,536లో ఒకటి. దాన్ని చూడడం మానేస్తే ఆ అవకాశం నూటికి నూరు.

గదుల గీతలు చోటు మారడం మాత్రం సీఆర్‌సీతో దొరకదు. అది వేరే జబ్బు. మీరు నాలుగో గదిని అడిగారు. అది కాస్త ఆలస్యంగా పలికింది. ఈలోగా టైమౌట్ (జవాబు కోసం ఆగే గడువు) అయిపోయి మీరు అయిదో గదిని అడిగేశారు. మీరు చదివిన బైట్లు నాలుగో గదివి. అది అచ్చమైన జవాబే, పొడవు సరిపోతుంది, సీఆర్‌సీ కూడా సరిపోతుంది. అయిదో గది ఖాతాలో రాసేశారు. అక్కడినుంచి ప్రతి గదీ తన ముందున్న గది అంకెనే చూపిస్తూ పోతుంది, మళ్లీ ఎక్కడో ఒకటి తప్పి వరుస సర్దుకునేదాకా. జవాబులో మొదటి బైటు పలికినవాళ్ల అడ్రసే. మీరు అడిగిన నంబరూ అదీ ఒకటేనా, ఫంక్షన్ కోడ్ (ఏ పని అడిగారో చెప్పే అంకె) ఒకటేనా అని చూసి, కాకపోతే పారేయండి. ప్రతి ప్రశ్నకు ముందు ఇన్‌పుట్ బఫరు (వచ్చి, ఇంకా చదవని బైట్లు ఉండే చోటు) ఖాళీ చేయండి. ఫంక్షన్ కోడ్‌కు 128 కలిసి వస్తే అది పరికరం ఒప్పుకోలేదని చెప్పే జవాబు. తర్వాతి బైటు 2 అయితే ఆ అడ్రసు దగ్గర రిజిస్టరు లేదని. అదీ జవాబే, జవాబు రాకపోవడంతో కలపకండి.

రెండు మూడు రోజులకోసారి అన్నీ చదునవడానికి కారణం ఇక్కడినుంచి ఖాయంగా చెప్పలేను కానీ, నా అనుమానం యూఎస్‌బీ మీద. పెద్ద మోటార్లు స్టార్టయ్యే చోట కన్వర్టరు ఒక్క క్షణం తెగి మళ్లీ కలుస్తుంది. లైనక్స్ అయితే పోర్టు పేరు టీటీవైయూఎస్‌బీ0 కాస్తా టీటీవైయూఎస్‌బీ1 అయి కూర్చుంటుంది. మీ చేతిలో ఉన్నది చచ్చిన పోర్టు. పైసీరియల్ ప్రతిసారీ ఎర్రరు ఇస్తూనే ఉంటుంది, మీ పాస్ దాన్ని ప్రతిసారీ మింగుతూనే ఉంటుంది. కెర్నెల్ లాగ్ (ఆపరేటింగ్ సిస్టం రాసుకునే చిట్టా) చూస్తే తెగిన సమయం దొరుకుతుంది. సీరియల్ ఎర్రరు వస్తే పోర్టు మూసి మళ్లీ తెరవాలి, అదీ నంబరుతో కాకుండా బై-ఐడీ దారిలో ఉండే మారని పేరుతో. కన్వర్టరు కూడా ఐసొలేషన్ (లైనుకూ కంప్యూటరుకూ నేరుగా విద్యుత్ సంబంధం లేకుండా చేసే ఏర్పాటు) ఉన్నది తీసుకోండి. లాప్‌టాప్ నిద్రలోకి జారుకుంటోందేమో కూడా ఓసారి చూడండి, అంత చిన్న కారణమూ కావచ్చు.

ఎనర్జీ మీటరుది తేలికైన జబ్బు. అది రెండు రిజిస్టర్లు కలిపి 32 బిట్ల ఫ్లోటు (దశాంశ సంఖ్య) పంపుతోంది, మీరు వాటిని తారుమారుగా అతుకుతున్నారు. 25.5 అనే అంకె హెక్సులో 41సీసీ, 0000 అనే రెండు ముక్కలు. ముక్కలు తిరగేస్తే సున్నాకు అంటుకున్నంత చిన్న అంకె వస్తుంది. ఏ ముక్క ముందో మోడ్‌బస్ చెప్పదు, తయారీదారు ఇష్టం. రెండు విధాలా విప్పి చూసి, మీటరు ముఖం మీద కనిపించే అంకెతో ఏది కలిస్తే అది ఉంచుకోండి.

సెకనుకోసారి అన్న కోరిక గురించి కూడా మేనేజరుతో మాట్లాడాలి. ప్రశ్న ఎనిమిది బైట్లు, రెండు రిజిస్టర్ల జవాబు తొమ్మిది. 9600 బాడ్ దగ్గర ఈ పదిహేడు బైట్లకే దాదాపు 18 మిల్లీసెకన్లు. ఫ్రేముల మధ్య నిశ్శబ్దాలు, పరికరం ఆలోచించుకునే సమయం, యూఎస్‌బీ ఆలస్యం కలుపుకుంటే ఒక్కోదానికి 50 నుంచి 100 మిల్లీసెకన్లు సులువుగా అవుతాయి. పదకొండింటికి సెకను నిండిపోతుంది. ఒక్కటి పలకకపోయినా, దాని టైమౌట్ మిగతా పదింటి సమయాన్ని తినేస్తుంది. కోల్డ్ రూములో గాలి ఉష్ణోగ్రత సెకను సెకనుకూ మారేది కాదు. పది సెకన్లకోసారి చదివినా తలుపు తెరిచిన సంగతి గ్రాఫులో తెలుస్తుంది.

వైర్లు చూసేటప్పుడు, సంకేతం కొసల్లో తగిలి వెనక్కి రాకుండా పెట్టే 120 ఓంల రెసిస్టర్లు లైనుకు రెండు కొసల్లోనే ఉన్నాయో లేదో చూడండి. కొన్ని కన్వర్టర్లలో అది లోపలే ఉంటుంది, మధ్యలో తగిలిస్తే మూడోది చేరినట్టు. ప్యానెల్ నుంచి గదిగదికీ విడివిడిగా వైరు లాగి ఉంటే అదీ మంచిది కాదు, లైను ఒక గది నుంచి ఇంకో గదికి వరుసగా పోవాలి. ఈ పని ఎలక్ట్రీషియన్ గారికి మనిద్దరికంటే బాగా తెలుసు.

ఇప్పుడు అసలు బాధ. ఇవన్నీ ఇంజినీరింగు తప్పులు, దిద్దుకుంటే పోతాయి. పాత విలువను కొత్త రీడింగులా రాయడం ఆ కోవలోది కాదు. కోల్డ్ స్టోరేజీలో ఉష్ణోగ్రత రికార్డంటే రేపు సరుకు యజమాని అడగవచ్చు, తనిఖీకి వచ్చినవాళ్లు అడగవచ్చు. "ఆ గంటలో గది ఎంతలో ఉంది?" అంటే మీ ఫైలు 2.4 అంటుంది. ఆ గంటలో ఎవరూ కొలవలేదన్నది నిజం. మీరు దురుద్దేశంతో చేయలేదని నాకు తెలుసు. ఫైలుకు ఆ తేడా తెలియదు.

ఇకనుంచి ప్రతి వరుసలో విలువ పక్కన దాని స్థితి కూడా రాయండి: సరిగా వచ్చింది, పలకలేదు, సీఆర్‌సీ చెడింది, పరికరం ఒప్పుకోలేదు. విలువ లేనప్పుడు ఖాళీ వదలండి. పదితో భాగించక ముందున్న ముడి అంకె కూడా దాచండి, అది ఉండి ఉంటే మైనస్ డిగ్రీల సంగతి ఎప్పుడో దొరికేది. పరిశ్రమల్లో డేటా మార్పిడికి వాడే ఓపీసీ యూఏ అనే ప్రమాణంలో ప్రతి విలువకూ మంచిది, అనుమానం, చెడ్డది అనే గుర్తు కలిసే వస్తుంది. మీరు కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. తెర మీద చివరి విలువ చూపించాలనిపిస్తే చూపించండి, పక్కన "14 నిమిషాల క్రితం" అని వయసు వేయండి.

ఆ క్షణం నుంచి మీ గ్రాఫు చిల్లులు పడి కనిపిస్తుంది. అందుకే చెప్పకుండా సరిదిద్దేయడం మీకు కుదరదు. చెప్పకుండా మారిస్తే మేనేజరు మొదట అడిగేది, "మొన్నటిదాకా బాగున్నది ఇప్పుడేం పాడుచేశావు?" అని. అప్పుడు చెప్పే నిజం సంజాయిషీలా వినిపిస్తుంది. పైగా పాత ఫైళ్లు అలాగే ఉండిపోతాయి.

ఏమీ చెప్పకుండా, ఏమీ మార్చకుండా నెట్టుకురావచ్చు. కొన్నాళ్లు నడుస్తుంది. కానీ అలారం ఈ డేటా మీద పెట్టిన రోజున, వైరు ఊడిన గదికి అలారం ఎప్పటికీ మోగదు. 2.4 ఏ హద్దూ దాటదు కదా. ఇప్పటిదాకా స్క్రీను చూసి పట్టుకుంటున్న ఆపరేటరు, అలారం ఉంది కదా అని చూడడం తగ్గిస్తాడు. మీకు నిద్ర పట్టనిది దీనివల్లే అనుకుంటున్నాను, పట్టకపోవడమే సరైంది.

చెప్పడమే అయితే, నేనైతే ముందు ఎలక్ట్రీషియన్ గారి దగ్గరికి వెళ్తాను. "మీరన్న డ్యాషులకు కారణం నా లాప్‌టాపేనని అనుమానం, కలిసి చూద్దామా?" అని. ఆ వినే పరీక్ష ఆయన పక్కనుండగా చేయమన్నది ఇందుకే. తను మొదటినుంచీ చెబుతున్నది నిజమని ఆయన కళ్లముందే తేలుతుంది. రేపు లైను సరిచేయాలన్నా, ప్యానెల్ వాళ్లను పిలిపించాలన్నా ఆయన సాయం లేకుండా మీకు కుదరదు. ఇందులో ప్రమాదమూ ఉంది. ఆయన ఆ మాటను మీకంటే ముందే మేనేజరుకు మోయవచ్చు. ఆయన స్వభావం మీకే తెలుసు. అలాంటి మనిషైతే వరుస తిప్పండి, ఒకే రోజున ఇద్దరితోనూ మాట్లాడండి.

మేనేజరు దగ్గరికి ఒక కాగితంతో వెళ్లండి. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా డేటా నమ్మదగదు, ఎందుకు, ఏం మార్చారు, అలారం పెట్టేముందు ఏం కావాలి. పాత ఫైళ్లను బాగుచేస్తానని మాత్రం మాట ఇవ్వకండి. వరసగా ఒకే అంకె ఉన్న చోట్లను అనుమానాస్పదమని గుర్తుపెట్టగలరు, అంతే. నిలకడగా ఉన్న గదిలో నిజంగానే ఒకే అంకె చాలాసేపు రావచ్చు కాబట్టి ఏది కొలిచింది, ఏది అతికించింది అని ఇప్పుడు విడదీయలేరు. ఆ రోజులకు లాగ్‌బుక్కే ఆధారమని రాయండి. ఉద్యోగం పోదని నేను హామీ ఇవ్వలేను. మాట పడాల్సి రావచ్చు, ఆ చప్పట్లు గుర్తుచేసి మరీ అనవచ్చు. కానీ అలారం పెట్టకముందు తానుగా వచ్చి చెప్పినవాడికీ, సరుకు పోయాక దొరికిపోయినవాడికీ ఒకే శిక్ష వేసే మేనేజర్లు తక్కువ.

కంప్రెసర్ ఆన్-ఆఫ్ సంగతికొస్తే, నా అభిప్రాయం గట్టిదే: అది మీ ప్రోగ్రాం చేతికి ఇవ్వవద్దు. పైథాన్ చేతకానిదని కాదు. చదవడానికి, దాచడానికి, గ్రాఫు గీయడానికి, సందేశాలు పంపడానికి అది చక్కగా సరిపోతుంది. కానీ యూఎస్‌బీ తెగితే, లాప్‌టాప్ రీస్టార్ట్ అయితే, డిస్కు నిండితే కంప్రెసర్ ఏ స్థితిలో ఉండిపోవాలి అన్న ప్రశ్నకు మీ దగ్గర జవాబు లేదు. గదుల్లో ఇప్పుడున్న కంట్రోలర్లకు ఉంది, పీఎల్‌సీ వేస్తే దానికి ఉంటుంది. కాబట్టి పీఎల్‌సీ అడగడం పైథాన్‌ను వదిలేయడం కాదు. నియంత్రణ దానిది, చరిత్ర మీది. అలారం మధ్యరకం. గదుల్లో ఉన్న అలారానికి అదనంగా మీది పెట్టండి, దాని బదులుగా వద్దు. ఉష్ణోగ్రత హద్దు దాటితే ఎలా మోగాలో, ఒక గది అయిదు నిమిషాలు పలకకపోయినా అలాగే మోగాలి. మీ ప్రోగ్రామే ఆగిపోతే ఆ సంగతి ఇంకొకరు గమనించే ఏర్పాటు ఉండాలి. నిమిషానికోసారి పీఎల్‌సీ రిజిస్టరులో ఒక అంకె పెంచుతూ పోతే చాలు, అది ఆగిందంటే పీఎల్‌సీ దీపం వెలిగిస్తుంది.

మిగిలింది లైబ్రరీ ప్రశ్న. మీరు చేత్తో రాసిన సీఆర్‌సీ, ఫ్రేము గొడవలన్నీ రెండూ చూసుకుంటాయి, ఏదైనా పరవాలేదు. సీరియల్ లైనులోనే ఉండిపోతే మినిమల్‌మోడ్‌బస్ చిన్నది, తేలిక. జవాబు రాకపోవడానికీ తప్పుడు జవాబుకూ వేర్వేరు ఎర్రర్లు ఇస్తుంది, సైన్డ్ అని ఒక్క ముక్క చెబితే మైనస్ డిగ్రీలు వచ్చేస్తాయి. మామూలుగా దాని వేగం 19200, టైమౌట్ 0.05 సెకన్లు. మీ లైనుకు ఈ రెండూ మార్చాలి. స్క్రీనును ఈథర్నెట్ మీద అడిగే దారి కుదిరితే పైమోడ్‌బస్ తీసుకోండి, టీసీపీ కూడా అందులోనే ఉంది. దాంతో ఒక చిరాకు ఉంది. పరికరం నంబరు ఇచ్చే పారామీటరు పేరు ఒక వెర్షన్‌లో యూనిట్, తర్వాత స్లేవ్, ఆ తర్వాత డివైస్ ఐడీ అయింది. ఎక్కడో దొరికిన పాత ఉదాహరణ మీ దగ్గర నడవకపోతే ముందు అక్కడ చూడండి, మీ వెర్షన్ నంబరును రిక్వైర్‌మెంట్స్ ఫైల్లో (ప్రోగ్రాంకు కావాల్సిన లైబ్రరీల జాబితాలో) బిగించి పెట్టండి.